పద్నాలుగో నంబరు

పుంతా అరేనాస్‌లో గాలి మనిషిని అడిగి వీచదు.
వీధి మలుపుల్లో తాళ్లు కట్టి ఉంచుతారు, పట్టుకు నడవమని.
నేను కరెంటు మీటర్లు చూసేవాణ్ని.
తాడు పట్టుకునే మొదటిసారి ఆ తలుపు దాకా వెళ్లాను.
తాడు అక్కడితో అయిపోయింది, అంతే.
ఆకలి తర్వాత గుర్తొచ్చింది.

దోన్యా జోర్కా హోటలుకి బోర్డు లేదు.
ఐదు బల్లలు, అందులో ఒకటి కుంటిది,
దాని కాలికింద నాలుగు మడతల పాత సముద్ర పటం.
గోడమీద మెనూ, ఓడలకు వేసే ఎర్ర రంగుతో:
ఒకటి, గాలి ఎక్కువైన రోజుది.
నాలుగు, ఇంట్లో మాటల్లేనివాళ్లది.
తొమ్మిది, నిన్నటిది. ఇవాళ్టిదానికన్నా ఖరీదు.
పదకొండు, పళ్లు లేనివాళ్లకి; ఉన్నవాళ్లు అడక్కండి.
పద్నాలుగు దగ్గర పేరు లేదు.
ధర మాత్రం ఉంది, రెండు వేల మూడొందల పెసోలు.

"పద్నాలుగు" అన్నాను.
"ఇవాళ కాదు" అని
నా మొహం ఓసారి చూసి నాలుగు తెచ్చిపెట్టింది:
చిక్కుడుగింజల పులుసు, రెండు స్పూన్లు.
ఆ వారమే మారిత్సా పడవెక్కి
పోర్వెనీర్‌లో వాళ్లక్క దగ్గరికి వెళ్లిపోయింది.
ఈవిడకెవరు చెప్పారో.

ఇక గురువారం వస్తే చాలు, నా కాళ్లకి తాడు అక్కర్లేదు.
"పద్నాలుగు."
"ఇవాళ కాదు."
అది పలకరింపయిపోయింది మా ఇద్దరికీ.

ఓడలో రేడియో మనిషిగా చేసి దిగిన ఓస్వాల్దో అంటాడు,
సెంతోయా పీత, నాకు తెలుసు, తనకొక్కదానికే దాచుకుంటుంది.
టీచరు ఇరీస్ అంటుంది,
దొరకనిదానికీ ధర ఉంటుందని నేర్పడానికి.
పళ్లేలు కడిగే ఫకుందో
"తెలుసు, చెప్పను" అని ముక్కు ఎగబీలుస్తాడు,
చెబితే సోమవారం సెలవు పోతుందట.

ఆవిడ మీటరు వంటింట్లో, ఉల్లిపాయల జడ వెనకాల.
ఊరి మీటర్లన్నీ చలికాలం పరిగెడతాయి.
ఇది ఏప్రిల్లో నడిచింది,
మేలో కుంటింది,
జూన్‌లో దాని చక్రం
తిరుగుతోందా లేదా అని వేలితో గాజు తట్టి చూశాను.

ఆ గురువారం ఐదున్నరకే చీకటి.
నా సంచిలో ఎర్ర కాగితం: మూడు నెలల బాకీ, తీగ కోసెయ్యమని.
సంచి ఒళ్లో పెట్టుకుని కుంటి బల్ల దగ్గరే కూర్చున్నాను.
అడగలేదు నేను. అడిగే నోరు లేదు.
అందరూ వెళ్లారు.
ఆవిడ ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి
"పద్నాలుగు ఉంది" అంది.

నిన్నటి రొట్టె చివరి ముక్కలు,
గొర్రె కొవ్వులో నల్లబడేదాకా వేగిన ఉల్లిపాయ,
చల్లారిన బంగాళాదుంప, ఉప్పు.
పళ్లేలు రెండు.
ఎదురుగా కూర్చుంది.
"నేను తినేది ఇది. అందరూ వెళ్లాక."
"మరి గోడమీద ఎందుకు రాశారు?"
"ఎవరో ఒకరు అడుగుతారు కదా అని."
"ఏడాదిగా అడుగుతున్నాను!"
"ఏడాదిగా తిండికోసం వచ్చావు."

ఉల్లిపాయ తియ్యగా ఉంది. నమలడం తప్ప
ఇద్దరికీ పని లేదు కాసేపు.
గాలి రేకు కప్పుని ఎత్తి చూసి మళ్లీ పెట్టేసింది.
ఆవిడ సంచి వైపు గడ్డం చూపించి
"ఆ కాగితం ఎప్పటిది?" అంది.
"నిన్నటిది."
"అయితే ఖరీదెక్కువే."
నవ్వింది, కింద పన్ను ఒకటి లేదని అప్పుడే చూశాను.

ఫారం మీద రాశాను:
తలుపు తాళం వేసి ఉంది. మనుషులు లేరు.
పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో నా చేతిరాత
అంత కుదురుగా ఎప్పుడూ లేదు.
రెండు వేల మూడొందలకి ఐదువేల నోటిస్తే
చిల్లర ఆఖరి నాణెం దాకా లెక్కపెట్టి ఇచ్చింది.

తర్వాతి గురువారం దీపం వెలుగుతోంది,
ఎవరు కట్టారో, ఎంత కట్టారో, నేను మీటరే చూస్తాను.
"పద్నాలుగు."
"ఇవాళ కాదు."
ఓస్వాల్దో కుర్చీ జరుపుకుని నా చెవిలో,
"తిన్నావట! ఏమిటది?"
"సెంతోయా" అన్నాను.
బల్ల చరిచాడు ముసలాయన,
పులుసు నా చొక్కామీద పడేలా.